ప్లగ్గు పీకిన డ్రైవరు చెప్పినది

నా వయసు నలభై నాలుగు. సిటీ బస్సు డ్రైవరుని. పేరు, ఇంటి చిరునామా స్టేషన్ రైటరు గారు పైన రాసుకున్నారు. కానీ ఆ పేరుతో డిపోలో అడిగితే ఎవరికీ తెలియదు. మూగ డ్రైవరు ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. నాకు మాటలు బాగానే వచ్చు, కావలసినదానికంటే ఎక్కువే వచ్చు. హారన్ కొట్టను కాబట్టి ఆ పేరు పెట్టారు. పదేళ్లు నడిపిన బస్సుని పాత సామానుకి పంపేటప్పుడు మెకానిక్ దాని హారన్ ఊడదీసి, "ఇది షోరూములోంచి వచ్చినట్టే ఉంది గురూ" అని అందరికీ చూపించాడు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ఈ రోజు మధ్యాహ్నం గుండె పరిశోధన కేంద్రం రెండో అంతస్తులో, కణాలు పెంచే గదిలో, కరెంటు పెట్టె ప్లగ్గు పీకింది నేనే. పెట్టె కింద పడి పగిలింది కూడా నా వల్లే. నన్ను ఎవరూ పురికొల్పలేదు. నేను తాగి లేను, డ్యూటీ మనిషిని, తాగను. దొంగతనానికి వెళ్లావా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. అక్కడ దొంగిలించడానికి ఉన్నది నా భార్య గుండె, అదీ చిటికెడు. అది వాళ్ల దగ్గర ఉంటేనే మాకు మేలు.

నా భార్యకు ముప్పై తొమ్మిదేళ్లు. చొక్కాల దుకాణంలో కాజాలు కుడుతుంది. మిషను చప్పుడుతో ఆమెకు ఇబ్బంది లేదు, అది ఒకే తీరున సాగుతుంది. ఇబ్బందంతా ఉన్నట్టుండి వచ్చే చప్పుడుతోనే. ఎవరి గుండె అయినా ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి రెప్పపాటు కాలం తీసుకుంటుందట. ఆమె గుండెకు ఆ రెప్పపాటు కాస్త ఎక్కువ. ఆ సందులో ఉలిక్కిపడితే లయ తప్పుతుంది, మనిషి పడిపోతుంది. ఒక గేరు పూర్తిగా పడకముందే ఇంకో గేరు లాగితే బండి ఏమవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి, డాక్టర్లు చెప్పగానే నాకు అర్థమైంది. పుట్టుకతో వచ్చిందే. పదకొండేళ్ల కిందట, పెళ్లయిన మూడో ఏడు, ఒక పొద్దున అలారం గడియారం మోగినప్పుడు బయటపడింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏదీ మోగదు. ఫోన్లు వణుకుతాయి తప్ప పలకవు. తలుపుల అంచులకు గుడ్డ కుట్టింది నా భార్యే. గిన్నెలు దించేటప్పుడు కింద చెయ్యి పెట్టి దించుతాం. మా అత్తగారు మాతోనే ఉంటుంది. ఆవిడ తుమ్మితే రెండిళ్ల అవతల పిల్లి లేస్తుంది. ముక్కు దురద మొదలవగానే కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగు తీస్తుంది. "అల్లుడూ, నా తుమ్ము కూడా నాది కాకుండా పోయింది" అని నవ్వుతుంది, కానీ ఒక్కసారి కూడా ఇంట్లో తుమ్మలేదు. గుండె జారింది, గుండె గుభేలుమంది, గుండె ఆగినంత పనైంది అని లోకమంతా ఊరికే వాడే మాటలు మా ఇంట్లో ఎవరూ అనరు. ఎవరూ నియమం పెట్టలేదు, అలా జరిగిపోయింది. ఆ అలవాటే నాతోపాటు బస్సెక్కింది. ఆమె ఊరికి ఆ చివర కాజాలు కుడుతుంటుంది, నేను ఈ చివర ఉంటాను. అయినా హారన్ మీదికి చెయ్యి పోదు.

ఇన్నాళ్లూ వాడిన మందు ఈ ఏడు పట్టు తప్పింది. రెండు నెలల్లో మూడుసార్లు పడిపోయింది. ఛాతీలో పెట్టే యంత్రం ఒకసారి పెట్టారు, చీము పట్టి తీసేశారు. మళ్లీ ఇప్పుడప్పుడే కుదరదన్నారు. ఇక మిగిలినవి రెండు మందులు. అవి ఒక్కొక్కరికి ఒక్కోలా పని చేస్తాయి. సరిపడితే మనిషిని నిలబెడతాయి, సరిపడకపోతే ఉన్న లయని కూడా పాడు చేస్తాయి. మింగించి చూద్దామనుకునే మందులు కావవి. అప్పుడు పరిశోధన కేంద్రంలో డాక్టరమ్మ ఒక మాట చెప్పారు. "ఆవిడ గుండెనే బయట కొంచెం పెంచుదాం. మందు ముందు దానికి ఇచ్చి చూద్దాం. తట్టుకుంటే అప్పుడు ఆవిడకి ఇద్దాం." అలాగే సరిపోల్చుకోవడానికి ఏ జబ్బూ లేని మనిషి గుండె కూడా ఒకటి పెంచాలన్నారు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. ఇద్దరి దగ్గరా రక్తం తీసుకున్నారు.

రక్తంలోంచి గుండె ఎలా వస్తుందని అడిగాను. ఆ కణాలను వెనక్కి నడిపిస్తారట, మనిషి ఇంకా మనిషి కాకముందు ఉన్న చోటి దాకా. అక్కడి నుంచి మళ్లీ ముందుకు నడిపి గుండె దారి పట్టిస్తారట. నేను బస్సుని పది గజాలు వెనక్కి తీయాలంటే వెనకాల కండక్టరు నిలబడి అరవాలి. వీళ్లు ఒక మనిషిని పుట్టుకకి అవతల దాకా రివర్సులో తీసుకెళ్లి ఎవరికీ తగలకుండా తిప్పుకొచ్చారు. నేను ఎగతాళి చేయడం లేదు. ఆ మాట విన్న రోజు డిపోకి నడిచే వెళ్లాను, నా స్టాపు దాటిపోయిన సంగతి చాలాసేపు తెలియలేదు.

కణాలు పెరిగాక మమ్మల్నిద్దర్నీ పిలిచి చూపించారు. అరచేతిలో పట్టే మూత పళ్లెం, అందులో లేత గులాబీ రంగు నీళ్లు, అడుగున పలచటి పొర. కంటికి ఏమీ కనిపించలేదు. మైక్రోస్కోపు కింద పెట్టి తెర మీద చూపించారు. పొర మొత్తం ఒక్కసారిగా ముడుచుకుంది, వదిలింది. మళ్లీ ముడుచుకుంది, వదిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. దాని వెనక మనిషి లేడు, పైన తల లేదు, ఎవరి కోసమో ఏమీ తెలియదు. అయినా కొట్టుకుంటోంది.

నేను నా భార్య మణికట్టు పట్టుకుని చూశాను. అక్కడ నాడి వేరే వేగంతో ఉంది. తెర మీద ఒకటి, నా వేళ్ల కింద ఒకటి, రెండూ ఆమెవే.  ఆమె తెర వైపు వంగి అడిగింది.

"ఇది నేనేనా డాక్టరమ్మా?"

"మీరేనండి. మీలో కొంచెం."

"ఇంత చిన్న పళ్లెంలో పట్టానంటే నేను బాగా చిక్కినట్టే" అని నా వైపు తిరిగి, "ఏవండీ, ఇక్కడ కూడా అందర్నీ మెల్లగా మాట్లాడమని చెప్పేరు, ఊరుకోండి" అంది.

నిజంగా నేను అదే చెప్పబోతున్నాను.

డాక్టరమ్మ కరెంటు సంగతి అప్పుడే చెప్పారు. పళ్లెంలో పెరిగిన గుండె పసిదట. పెద్దవాళ్ల గుండెలా గట్టిపడాలంటే దానికి రోజూ చిన్న చిన్న కరెంటు పోట్లు ఇస్తూ లయ నేర్పించాలి. రెండు నల్లటి బొగ్గు కడ్డీలు నీళ్లలోకి దిగి ఉంటాయి. పెట్టె ఒక పోటు పంపితే పొర ఒకసారి ముడుచుకుంటుంది. పోట్లు పెంచితే అదీ వేగం పెంచుతుంది. ఆ గదిలో దాన్ని పరిగెత్తించడం అంటారు. పళ్లేలను కణాలు అని ఎవరూ అనరు. ఆవిడకి పాలు, అంటే ఆ గులాబీ నీళ్లు, పట్టారా, ఆవిడ ఈ పూట డల్లుగా ఉంది, ఆవిడని కాసేపు పరిగెత్తించండి, ఇలాగే మాట్లాడుకుంటారు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత ముచ్చటేసింది. ఈ రోజు అదే నా కొంప ముంచింది.

మొదటి మందు పోయిన నెలలోనే చూశారు. ఆవిడ, అంటే ఆ పళ్లెం, తడబడింది. ఆ మందు వద్దని తేలిపోయింది. అంటే ఇక ఒకే మందు మిగిలింది. దాని పరీక్ష ఈ రోజు. నా భార్యను మెట్లెక్కవద్దన్నారు కాబట్టి రాలేదు. నేను పొద్దుటి డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్లాను. రెండున్నర అయి ఉంటుంది. కాపలా మనిషికి నేను తెలుసు, లోపలికి పంపాడు. డాక్టరమ్మ స్టూలు చూపించి, "మధ్యలో ఉన్నాం, కూర్చోండి. ఏం ముట్టుకోకండి" అన్నారు. ఏం ముట్టుకోవద్దన్న మాట ఆవిడ స్పష్టంగా చెప్పారు. నేను విన్నాను. అది కూడా రాసుకోండి.

బల్ల మీద రెండు పళ్లేలు, పైన రెండు తెరలు, మధ్యలో కరెంటు పెట్టె. రెండు పళ్లేలకూ ఒకే పెట్టె నుంచి తీగలు. మందు అప్పటికే రెండింటిలోనూ వేశారు, వేగం పెంచినా లయ నిలుస్తుందో లేదో చూడటమే పరీక్ష. ఎవరిది ఏదో తెరల మీద రాసి లేదు, ఏవో అంకెలున్నాయి. పోటు పంపిన ప్రతిసారీ పెట్టె టక్కుమంటోంది. నేను ఎప్పుడూ దాని చప్పుడు వినలేదు, ఇంతకుముందు వచ్చినప్పుడు మా కోసం ఆపి ఉంచారట. టక్కుమంటే రెండు పొరలూ ముడుచుకుంటున్నాయి. టక్కు, ముడుచుకోవడం. టక్కు, ముడుచుకోవడం. చప్పుడు చేసి ఆమె గుండెని కొడుతున్నారు. పదకొండేళ్లుగా గుడ్డలు కుట్టి, చెయ్యి అడ్డం పెట్టి, పెరట్లోకి పరిగెత్తి మేము ఆపుతూ వచ్చిన పనినే వీళ్లు కుర్చీలో కూర్చుని చేస్తున్నారు.

అది మంచికేనని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్తూ టెక్నీషియన్‌తో "ఇంకొంచెం పెంచండి" అన్నారు. టెక్నీషియన్ నా వయసు మనిషే, నెమ్మదస్తుడు. మీట తిప్పాడు. టక్కులు దగ్గర దగ్గరగా పడ్డాయి. కుడి తెర మీద పొర పోటు పోటుకీ అందుకుంటోంది. ఎడమ తెర మీద పొర ఒక పోటు అందుకుని ఒకటి వదిలేసింది. మళ్లీ అందుకుంది, మళ్లీ వదిలేసింది. ఆయాసపడే మనిషి అడుగు తప్పినట్టు.

"ఆపండి" అన్నాను.

"ఇంకా రెండు మెట్లు ఉన్నాయండి, అయిపోతుంది" అన్నాడాయన.

"ఆవిడ తట్టుకోలేకపోతోంది. కనబడ్డం లేదా?"

"అది మనిషి కాదు సార్, కణాలు."

"మరి నేను వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ, ఆవిడ అని అంటున్నది ఎవరు?"

ఆయన మీట ఇంకో మెట్టు తిప్పాడు. ఆయన తప్పేం లేదు, అది ఆయన పని. ఎడమ పొర రెండు పోట్లు వరసగా వదిలేసింది. నేను లేచిన సంగతి నాకు తెలియదు. గోడకున్న ప్లగ్గు పట్టుకుని లాగాను. తీగ నా మోచేతికి చుట్టుకుని పెట్టె బల్ల అంచు దాటింది. పళ్లేల తీగలు ఊడి, పెట్టె నేల మీద పడి పెద్ద చప్పుడైంది. పదకొండేళ్లలో నేను చేసిన మొదటి పెద్ద చప్పుడు అదే.

ఇన్‌స్పెక్టర్ గారు నమ్మినా నమ్మకపోయినా, ఆ చప్పుడుకి నేను పెట్టె వైపు చూడలేదు. ఆమె ఉలిక్కిపడిందేమోనని తెర వైపు చూశాను.

టక్కులు లేవు. కుడి తెర మీద పొర ఒక్క క్షణం ఆగి, తనంతట తానే మొదలుపెట్టింది. ఎవరి పోటూ లేకుండా, తీరిగ్గా, తన నడక తను నడిచింది. ఎడమ తెర మీద పొర ఆగిపోయింది. కదల్లేదు. నేను పళ్లెం పక్కన వంగి, "ఏం లేదు, ఏం లేదు, గిన్నె పడింది" అన్నాను. ఇంట్లో ఏదైనా జారిపడితే నేను ముందు అనే మాట అదే. ప్లగ్గు తీసుకెళ్లి మళ్లీ గోడకి పెట్టాను. పెట్టె రెండు ముక్కలై నేల మీద ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.  ఆమెని నేనే చంపానని అనుకున్నాను. కణాలనో పళ్లేన్నో అనుకోలేదు. ఆమెనే అనుకున్నాను.

డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చారు. నేల మీద పెట్టెని చూశారు, నన్ను చూశారు. "ఏం చేశారండీ! ఎన్ని వారాల పని తెలుసా ఇది?" అని కేక వేశారు. కేక వేసే హక్కు ఆవిడకుంది. నేను ఎడమ పళ్లెం చూపించి, "ఆమె ఆగిపోయిందమ్మా, లేపండి, మీకు దణ్ణం పెడతాను, లేపండి" అన్నాను.

డాక్టరమ్మ తెర చూశారు. అంకెలు చూశారు. ఆవిడ గొంతు తగ్గిపోయింది.

"అది ఆవిడ కాదండి. అది మీరు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ కుడి తెర మీద వేలు పెట్టారు. "ఆవిడ ఇదిగో. చక్కగా నడుస్తోంది. ఆగింది మీరు."

అంకెలు చదవలేకపోయినందుకు నేను చింతించడం లేదు. అసలు చదవాలన్న ఆలోచనే నాకు రాలేదు. మా ఇంట్లో తడబడేది ఒక్కరే. రెండు గుండెల్లో ఒకటి తడబడితే అది ఎవరిదని అడగాల్సిన అవసరం నాకు ఏనాడూ కలగలేదు.

ముగ్గురం ఎడమ తెర ముందు నిలబడ్డాం. నా గుండె నా కళ్ల ముందు ఆగి ఉంది. నా గుండె నా ఛాతీలో దడదడలాడుతోంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమవడం నేను చూశాను. ఎంతసేపు చూశామో టెక్నీషియన్‌ను అడగండి, నాకు తెలియదు. పొర అంచున ఒక చోట చిన్నగా అదిరింది. ఆగింది. మళ్లీ అదిరింది. ఆ అదురు పక్కకి పాకింది, ఇంకా పక్కకి పాకింది, ఉన్నట్టుండి పొర మొత్తం ఒక్కటై ముడుచుకుంది. టెక్నీషియన్ "అబ్బా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా అదే గదిలో పని చేస్తున్న మనిషి ఆయన. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లేవమని దానికి ఎవరు చెప్పారు? తీగ లేదు, పోటు లేదు, నేను కూడా లేను. నేను దేవుడి గురించి ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. కానీ ఆ పూట నా చెప్పులు విప్పి పక్కన పెట్టాలనిపించింది. విప్పాను కూడా. భద్రతాధికారి వచ్చేసరికి నేను వట్టి కాళ్లతో ఉన్నానని ఫిర్యాదులో రాసింది అందుకే. పారిపోవడానికి కాదు.

నా పొర ఎందుకు తడబడిందని తర్వాత అడిగాను. అందులో జబ్బేమీ లేదని, ఒక్కో పెంపకం ఒక్కోలా వస్తుందని, అంత వేగం అందుకోలేకపోయిందని చెప్పారు. ఆమెది అందుకుంది కదా, అంటే మందు పని చేసినట్టేనా అన్నాను. డాక్టరమ్మ కుడి తెర వైపు మళ్లీ చూశారు. "నాకూ అలా అనాలనే ఉంది. కానీ సగం పరీక్ష పరీక్ష కాదండి. సగం చూసి ఆవిడ నోట్లో మందు వెయ్యలేను" అన్నారు. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. దాచి ఉంచిన కణాలున్నాయి. అవి పెరిగి పెద్దవడానికి ఐదారు వారాలు పడుతుంది. నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ రాత్రికే తెలిసేది. ఆ నిమిషం విలువ ఐదారు వారాలు, అన్ని వారాలూ నా భార్య పని చేసే మందేదీ లేకుండా ఉండాలి. నాకు ఏ శిక్ష వేసినా దీనికంటే చిన్నదే.

నన్ను కూర్చోబెట్టి భద్రతాధికారి ఒక మాట అన్నాడు. గొడవ చేసినవాళ్ల కుటుంబాన్ని పరిశోధన నుంచి తీసేస్తారట. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, ఇద్దరూ నడవాలో వాదించుకోవడం నాకు వినబడింది. ఏం తేలిందో తెలియదు. కాబట్టి ఇన్‌స్పెక్టర్ గారికి మనవి చేసుకునేది ఇది. కేసు పెట్టండి. పెట్టె ఖరీదు నా జీతంలోంచి పట్టుకోమనండి. నన్ను ఆ మెట్లు ఎక్కనివ్వకండి, ఆ వీధిలో కూడా బస్సు నడపనివ్వకండి. తప్పు చేసింది నేను. ఆ పళ్లెం ఏ తప్పూ చేయలేదు. మీ కాగితంలో రెండూ ఒక్కటిగా రాయకండి.

ఇప్పుడే ఇన్‌స్పెక్టర్ గారు నేను స్టేషన్లో ఉన్నానని చెప్పడానికి ఇంటికి మనిషిని పంపుతున్నామన్నారు. ఫోను వాళ్లు చూసుకోరు, అందుకని పంపక తప్పదు, నాకు తెలుసు. జీపు వీధి మలుపులోనే ఆపమనండి. బూట్లతో అరుగు దాకా వెళ్లినా ఫరవాలేదు, ఆమె వంటింట్లో ఉంటుంది. కిటికీ ఎదురుగా ఊరికే నిలబడమనండి. కాసేపు పట్టినా మా అత్తగారు చూస్తుంది, చూసి తనే బయటికి వస్తుంది. ముందు ఆవిడతో చెప్పమనండి. ఎలా చెప్పాలో ఆవిడకి తెలుసు. నా భార్య గుండె నా గుండె కంటే గట్టిదని ఈ రోజు కళ్లారా చూశాను. అయినా సరే, తలుపు మాత్రం కొట్టవద్దు.

నా నోటితో నేను చెప్పినదే రైటరు గారు రాశారు. చదివి వినిపించమంటే మెల్లగానే చదివారు. ఇందులో ఉన్నది నిజం, దాచింది లేదు. ఒప్పుకుని కింద సంతకం పెడుతున్నాను.

(సంతకం)
సిటీ బస్సు డ్రైవరు